కోళ్ల ప్రదర్శనకు తయారీ ఈక మొలిచినప్పుడే మొదలు (విజయవాడలో పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. గుంటూరు, మంగళగిరి, తెనాలి నుంచి పొద్దున్నే బ్యారేజీ దాటి వచ్చినవాళ్లున్నారు, ఇటు గన్నవరం, నూజివీడు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను.

ప్రదర్శన అనగానే మనవాళ్లు మొట్టమొదట అడిగేది "ఏ షాంపూ వాడాలండీ?" అని. అది చిట్టచివర అడగాల్సిన మాట. ఈక కూడా మన గోరు లాంటిదే. పెరిగినన్నాళ్లే దానికి రక్తం అందుతుంది. పెరగడం పూర్తయి కాడ ఎండిపోయాక అందులో ప్రాణం ఉండదు. ఆ తర్వాత మీరు బాదంపప్పు పెట్టినా సరే, ఆ ఈక బాగుపడదు. అది రాలి కొత్తది రావాల్సిందే. జనవరి ఆఖరులో ప్రదర్శన ఉందనుకోండి, ఆ రోజు జడ్జి చేతిలో పడే ఈక సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మీ పెరట్లో తయారైన ఈక. ఆ మూడు నెలలు పక్షిని ఎలా చూశారన్నదే ఆయన చూసేది.

ఇంటికెళ్లాక ఒక పని చేయండి. పుంజు రాల్చిన రెక్క ఈక, పెద్దది, ఒకటి తీసుకుని కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. మంచి ఈకైతే మొదలు నుంచి కొస దాకా నేత ఒకే తీరుగా ఉంటుంది. కొన్ని ఈకల్లో అడ్డంగా, సూదితో గీసినట్టు, సన్నటి గీత కనిపిస్తుంది. అక్కడ నేత పలచబడి వెలుతురు ఇవతలికి వస్తుంది. ఆ భాగం పెరుగుతున్న రోజున పక్షికి జ్వరమో, మేత లేకపోవడమో, కుక్క తరమడమో ఏదో జరిగిందని దాని అర్థం. రెండు రెక్కల్లోనూ ఒకే ఎత్తున ఆ గీత ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఆ తర్వాత ఈక విరిగేది సరిగ్గా ఆ గీత దగ్గరే. ప్రదర్శన రోజు గంపలోంచి తీయగానే తోక ఈక పుటుక్కుమంటే మనం గంపను తిడతాం. ఆ విరుపు మూడు నెలల నాటిది.

కాబట్టి ముందు ఈక రాల్చే కాలం మాట్లాడుకుందాం. పెద్ద పక్షులు ఏడాదికోసారి, ఎక్కువగా వానాకాలం చివర, ఈక మారుస్తాయి. మొత్తం మారడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పొడుగు తోక పుంజులకైతే తోక కొడవలి ఈకలు పూర్తిగా సాగడానికి ఇంకా ఎక్కువ రోజులే కావాలి. విరిగిన ఈక కాడ లోపలే ఉండిపోతే దాని చోట కొత్తది వెంటనే రాదు, మళ్లీ ఏడాది రాల్చేదాకా ఆగాలి. ఆ కాడను పీకేస్తే సుమారు 6 నుంచి 8 వారాల్లో కొత్త ఈక వస్తుంది. అయితే పీకడం పక్షికి నొప్పి. అందుకని ప్రదర్శన నెల రోజుల్లో ఉందనగా పీకితే నొప్పీ మిగులుతుంది, తోకలో ఖాళీ కూడా మిగులుతుంది.

ఈక బరువులో సుమారు 90 శాతం మాంసకృత్తే. అందులోనూ గంధకం ఉన్న మిథియోనిన్, సిస్టీన్ లాంటివి కావాలి. నూకలు, వడ్లు, జొన్నలు మాత్రమే వేస్తే అవి చాలవు. ఈక మొలిచే రోజుల్లో కిలో మేతకు ఇలా కలుపుకోవచ్చు. జొన్నలు గానీ సజ్జలు గానీ 600 గ్రాములు, తవుడు 170, సోయా పిండి 100, నువ్వుల చెక్క 70, ఎండు చేపల పొడి 40, ఖనిజ మిశ్రమం 20. ఇది దాదాపు 17 శాతం మాంసకృత్తి ఇస్తుంది. పెద్ద అసీల్ (మన పందెం జాతి) పుంజుకు రోజుకు 120 నుంచి 150 గ్రాములు సరిపోతుంది. గుడ్డు పెంకుల పొడో, ఆల్చిప్పల పొడో విడిగా చిన్న గిన్నెలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది.

ఇందులో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి ఎండు చేప. మన సంతల్లో దొరికేది ఎక్కువగా ఉప్పు చేప. ఉప్పు ఎక్కువైతే పక్షి నీళ్లు విపరీతంగా తాగుతుంది, నీళ్ల విరేచనం పట్టుకుంటుంది, మరీ ఎక్కువైతే ప్రాణం మీదికే వస్తుంది. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చిన్న చేపలే తీసుకోండి. రెండోది వేరుశనగ చెక్క. మన దగ్గర చవకగా దొరుకుతుంది కదా అని సంచీలు నింపుకుంటారు. అందులో మిథియోనిన్ తక్కువ. అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. వానాకాలంలో దానికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది కాలేయాన్ని తినేస్తుంది. ఉడికించినా పోదు. వాసన మారిన చెక్కను మేతలో కాదు, పెంటకుప్పలో వేయండి.

(సభలో నుంచి ప్రశ్న: "డేగ పుంజుకు ఎరుపు బాగా రావాలంటే ఎండు మిరప పొడి వేయమంటున్నారు, నిజమేనాండీ?")

గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నే అనుకుంటాను, మంచి ప్రశ్న. మిరప కారం కోడికి తెలియదు, పక్షుల నాలుకకు ఆ మంట అందదు. మిరపలోని రంగు వల్ల గుడ్డు సొన ముదురు రంగుకు తిరుగుతుంది. కానీ ఈక మీదున్న ఎరుపు, నలుపు మెలనిన్ అనే వర్ణకం. అది పుట్టుకతో వచ్చే లక్షణం, మేతతో పెరిగేది కాదు. ఎర్ర ఈకల డేగ పుంజు డేగే, నల్ల ఈకల కాకి పుంజు కాకే. పసుపు కాళ్ల జాతులకు మాత్రం పసుపు మొక్కజొన్న, తోటకూర, మునగాకు పెడితే కాలి పసుపు నిలబడుతుంది. మిరప విషయంలో ఇంకొకటి కూడా చెప్పాలి. మిర్చి పోసిన గోనె సంచులు మీ ఊళ్లలో ఎక్కడ చూసినా ఉంటాయి. వాటిని గంప కింద పరుస్తుంటారు. కారం తెలియకపోయినా ఆ ధూళి కళ్లలో, ముక్కులో పడుతుంది, పురుగుమందు అవశేషాలు ఉండే ప్రమాదమూ ఉంది. తెల్ల పక్షి అయితే రొమ్ము కింద ఎర్ర మరక పడుతుంది, అది కడిగినా వదలదు. వడ్ల సంచి వాడండి.

పేనుల సంగతి. పక్షిని వెల్లకిలా పట్టుకుని తోక కింద, మలద్వారం చుట్టూ ఈకలు ఊది చూడండి. ఈక మొదట్లో పంచదార పలుకులు అతుక్కున్నట్టు గుత్తులు కనిపిస్తే అవి పేను గుడ్లు. మందు బతికున్న పేనుకే పని చేస్తుంది, గుడ్డుకు పనిచేయదు. అందుకే వారం, పది రోజులకు రెండోసారి వాడాలి. ఈ రెండోసారి మర్చిపోయేవాళ్లే ఎక్కువ, అప్పుడు మందు మంచిది కాదంటారు. ఎర్ర నల్లులైతే పగలు పక్షి మీద ఉండవు, గూటి చెక్కల సందుల్లో దాక్కుంటాయి. రాత్రి టార్చి వేసి వాలుకర్ర అడుగున చూడాలి. పత్తికి, మిర్చికి కొట్టే పురుగుమందు కోడి మీద చల్లడం మాత్రం వద్దు, దండం పెట్టి చెబుతున్నాను. అది చర్మం లోంచి ఒంట్లోకి పోతుంది, పక్షి మెడ వేలేసి పడిపోతుంది. పశువైద్యుడు చెప్పిన మందే, ఆయన చెప్పిన మోతాదులోనే వాడండి. బూడిద, పొడి ఇసుక కలిపిన తొట్టి ఎప్పుడూ అందుబాటులో ఉంటే సగం పని పక్షే చేసుకుంటుంది.

కాలి పొలుసులు పైకి లేచి సున్నం పట్టినట్టు కనిపిస్తే అది కూడా పురుగే, పొలుసుల కింద తొలుచుకుంటూ పోతుంది. దీనికి కిరసనాయిలు పూయడం మన దగ్గర పాత అలవాటు. చర్మం కాలిపోతుంది, మానండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తబరిచి, వాజిలైన్ మందంగా పట్టించి, వారానికి రెండుసార్లు చేస్తే గాలి అందక పురుగు చస్తుంది. పాడైన పొలుసు ఊడి కొత్తది రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఇది దసరాకు మొదలుపెట్టే పని, సంక్రాంతికి కాదు. నులిపురుగుల మందు కూడా ఈక మొలవక ముందో, మొలిచి ముదిరాకో ఇప్పించండి. ఫెన్‌బెండజోల్ లాంటివి లేత ఈక వచ్చే రోజుల్లో పడితే ఈక వంకరపోయే ప్రమాదం ఉంది.

టీకా విషయంలో తేదీ ముఖ్యం. కొక్కెర తెగులుకు (రాణిఖేత్) పిల్లప్పుడు లసోటా టీకా పడి ఉండాలి, 8 వారాలు దాటాక ఆర్‌టూబీ టీకా. అమ్మవారి టీకా కూడా వేయించాలి. ఇవన్నీ ప్రదర్శనకు కనీసం మూడు వారాల ముందే అయిపోవాలి. ముందు రోజు పరుగెత్తుకెళ్లి వేయిస్తే ఏమవుతుంది? శక్తి రావడానికి టైము చాలదు. పైగా అది బతికున్న వైరస్ టీకా. పక్షి నలతగా ఉంటుంది, పక్క బోనులోని పక్షికి కూడా ఆ వైరస్ అంటవచ్చు.

ఇక బోను అలవాటు. ఎంత అందమైన పుంజైనా బోనులో బెదిరి మూలకు నక్కితే జడ్జి దాని నిలువు, అంటే నిలబడే తీరు, చూడలేడు. ప్రదర్శనకు నెల ముందే విడిగా బోనులో పెట్టండి. అసీల్‌కు మూడడుగుల చదరం, మూడడుగుల ఎత్తు తగ్గకూడదు. పొడుగు తోకకు ఇంకా ఎత్తున వాలుకర్ర పెట్టి, తోక కొస నేలకు గానీ తీగకు గానీ తగలకుండా చూడాలి. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు చాలు. బోను తలుపు మెల్లగా తీసి, ఒక చెయ్యి రొమ్ము కింద పెట్టి కాళ్లు వేళ్ల మధ్య ఇరికించి, రెండో చెయ్యి వీపు మీద ఉంచి, తల ముందుకు వచ్చేలా బయటికి తీయాలి. లోపల పెట్టేటప్పుడు కూడా తలే ముందు. వెనక్కి లాగితే రెక్క ఈకలు తీగకు తట్టి విరుగుతాయి. లోపల పెట్టాక ఒక పల్లీ గింజ. నాలుగు రోజుల్లో చెయ్యి కనబడగానే మెడ సాచి నిలబడుతుంది. అదే నిలువు జడ్జికి కావాలి.

ఒళ్లు ఎలా ఉందో కంటితో తెలియదు, రొమ్ము ఎముక మీద వేలు పెట్టి నడపండి. కత్తి అంచులా తగిలితే చిక్కింది. ఎముకే దొరక్కపోతే కొవ్వు పట్టింది. రెండు పక్కలా కండ ఉండి మధ్యలో ఎముక గీతలా తెలియాలి. మంచి అసీల్ పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. బరువు కోసం చివరి పక్షంలో మేత మార్చేవాళ్లున్నారు. ఆ పని వద్దు. రెట్ట పలచబడి తోక కింద ఈకంతా పాడవుతుంది.

గోళ్లు, ముక్కు పది రోజుల ముందే సరిచేయండి. తెల్ల గోరులో లోపలి రక్తనాళం గులాబీగా కనిపిస్తుంది, దానికి ఇవతలే కత్తిరించాలి. నల్ల గోరులో కనబడదు కాబట్టి కత్తెర పక్కన పెట్టి ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయాలి. రక్తం వస్తే పటిక పొడి అద్ది నొక్కి పట్టుకోండి. చిలకముక్కు జాతి కోళ్ల ముక్కు మాత్రం ముట్టుకోకండి. ఆ వంపే ఆ జాతికి అందం, జడ్జి మొదట చూసేదీ అదే. పై ముక్కు సాగి మేత ఏరుకోలేకపోతే అప్పుడు కొసను మాత్రం రాయితో.

ఇప్పుడు స్నానం. అసీల్ ఈక గట్టిది, ఒంటికి అతుక్కుని ఉంటుంది. దానికి పూర్తి స్నానం అక్కర్లేదు, తడి తువ్వాలుతో తల నుంచి తోక వైపు తుడిస్తే చాలు. బ్రహ్మ, కొచ్చిన్, సిల్కీ, కుచ్చు తల పాలిష్ లాంటి జాతులకు, తెల్ల పక్షులకు స్నానం తప్పదు. ఆదివారం ప్రదర్శనైతే గురువారం పొద్దున చేయించండి. తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. పక్షి ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది. షాంపూ ఆ నూనెను తీసేస్తుంది, మళ్లీ పట్టడానికి రెండు మూడు రోజులు కావాలి. శనివారం రాత్రి కడిగిన పక్షి ఆదివారం పొద్దున దూది పింజలా ఉబ్బి, కళ లేకుండా ఉంటుందంటే కారణం అదే.

మూడు టబ్బులు పెట్టుకోండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, మోచేయి ముంచితే చురుక్కుమనకూడదు. మొదటి దాంట్లో పది లీటర్లకు ఒక చెంచా పిల్లల షాంపూ. రెక్కలు రెండూ ఒంటికి అదిమిపట్టి, తల బయటే ఉంచి, మెల్లగా దించండి. ఈక నీటిని తోసేస్తుంది కాబట్టి లోపలి దాకా నానడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అరచేత్తో పై నుంచి కిందికే నిమరాలి. ఎదురు రుద్దకూడదు. ఈక నేతలో కంటికి కనబడని కొక్కేలు జిప్పులా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. ఎదురు రుద్దితే ఆ జిప్పు చెదిరిపోతుంది, కొన్ని కొక్కేలు తెగిపోతాయి. రెండో టబ్బులో రెండు చెంచాల వెనిగర్. మిగిలిన సబ్బును అదే విడదీస్తుంది. మూడోది ఉత్త నీళ్లు. సబ్బు మిగిలితే ఆరాక ఈకలు పిలకలు పిలకలుగా అతుక్కుంటాయి. పల్నాడు వైపు, గుంటూరు చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, నురుగే రాదు. ఆ ఒక్కరోజుకు మంచినీళ్లు పట్టుకోండి. నీళ్లలో పక్షి కళ్లు మూసి మెడ వేలేస్తే వెంటనే బయటికి తీసి నిటారుగా పట్టుకోండి. నీళ్లు వేడెక్కువయ్యాయని గుర్తు. ఆరబెట్టడానికి తువ్వాలుతో అద్దాలి, పిండకూడదు. డ్రయ్యర్ వాడితే తక్కువ వేడిలో, అడుగు దూరం నుంచి. తెల్ల పక్షిని ఎండలో ఆరబెడితే ఈక ఇత్తడి రంగుకు తిరుగుతుంది. వెలుతురున్న నీడే మంచిది.

(సభలో నుంచి ప్రశ్న: "మెరుపు కోసం ఈకలకు కొబ్బరి నూనె రాయొచ్చా?")

ఈకలకు వద్దండి. గంటసేపు మెరుస్తుంది, తర్వాత ఊక ధూళంతా దానికే అంటుకుంటుంది. పాత పట్టుగుడ్డ ముక్క ఉంటే దాంతో పై నుంచి కిందికి ఇరవై ముప్పైసార్లు నిమరండి, ఆ పక్షి సొంత నూనే మెరుస్తుంది. కొబ్బరి నూనె జుట్టుకు, అంటే తల మీది ఎర్ర తోలుకు, కాళ్లకు. వేలికొసతో రాసి వెంటనే తుడిచేయాలి. రంగు వేయడం, వేరే రంగు ఈక కత్తిరించడం, తోకలో ఈక అతికించడం మోసం. జడ్జి తడి దూదితో రుద్దితే రంగు దొరికిపోతుంది, పక్షిని పోటీ నుంచి తీసేస్తారు. నల్లకోడి జాతి కడక్‌నాథ్‌కు జుట్టు, గడ్డం కింద తోలు నల్లగా ఉండాలని కొందరు మసి రాసి తెస్తున్నారు, అదీ ఇంతే. కత్తి గాటున్న పుంజును ప్రదర్శనకు తేవద్దు. ఇది బరి కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కోడిపందేన్ని నేరం అంటుంది.

ప్రయాణం దగ్గరికొద్దాం. గుంటూరు నుంచి విజయవాడ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, గంటలో వస్తాం. ఆ గంట చాలు పక్షిని పోగొట్టుకోవడానికి. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి 41 డిగ్రీలు. ఆ వేడి నోరు తెరిచి రొప్పితేనే బయటికి పోవాలి. కారు డిక్కీలో, ఎండలో ఆపిన ఆటోలో గాలి ఆడక అది సాధ్యం కాదు. కాళ్లు కట్టి బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి తేవడం హింస. ఒక్కో పక్షికి విడిగా అట్టపెట్టె, పక్షి నిలబడి తిరగగలిగేంత, రెండు వైపులా పైభాగంలో రూపాయి బిళ్లంత చిల్లులు. అడుగున గోనె మీద రెండంగుళాల ఊక. పొడుగు తోకను పలచటి నూలుగుడ్డతో వదులుగా చుట్టి, తోక పొడుగుకు తగ్గ పెట్టె తీసుకోవాలి. బయల్దేరే నాలుగు గంటల ముందు మేత ఆపండి, నీళ్లు మాత్రం చివరి దాకా ఇవ్వండి. మెడ కింద మేత సంచి నిండుగా ఉంటే కుదుపులకు కక్కుతుంది, అది ఊపిరి గొట్టంలోకి పోతే అంతే.

హాల్లో మీ నీళ్ల గిన్నె మీదే. పక్క బోనువాళ్ల గిన్నె తీసుకోవద్దు, మీది ఇవ్వద్దు. మొహమాటంతో వచ్చే జలుబు తెగులు చాలా ఉంది. గిన్నె పక్షి వీపు ఎత్తున కట్టండి, లేకపోతే గడ్డం, రొమ్ము తడిసి మీ గురువారం శ్రమంతా పోతుంది. దిగగానే మేత కంటే ముందు ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు, గంట తర్వాత గుప్పెడు గింజలు. రెండు పుంజులు ఎదురెదురుగా ఉంటే మధ్య అట్టముక్క నిలబెట్టండి, లేకపోతే రోజంతా తీగకు పొడుచుకుని జుట్టు రక్తం చేసుకుంటాయి. స్పీకర్ పక్కన బోను పడితే నిర్వాహకులను అడిగి మార్పించుకోండి. గంటకోసారి రెట్ట చూడండి. ఆకుపచ్చగా పలచగా ఉన్నా, ముక్కు కారినా, కన్ను వాచినా పోటీ మాట మరిచి పక్షిని బయటికి తీసుకెళ్లాలి. మీ ఒక్క పక్షి కోసం కాదు, హాల్లో ఉన్న మిగతావాటి కోసం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ, మన ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం వైపూ బర్డ్ ఫ్లూ తేలడం మీకందరికీ గుర్తుంది. భోపాల్ ల్యాబ్‌లో నిర్ధారణ అయ్యాక చుట్టూ కిలోమీటరు వ్యాధి మండలం, పది కిలోమీటర్లు నిఘా మండలం అన్నారు. అలాంటి వార్త వస్తే ప్రదర్శన వాయిదా వేయాలి, వాయిదా వేయకపోయినా మీరు పక్షిని కదపకూడదు. ఉన్నట్టుండి రెండు మూడు చనిపోతే గోతిలో పాతేసి ఊరుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి. మన దగ్గర గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది.

ప్రదర్శన నుంచి తిరిగొచ్చిన పక్షిని ఆ రాత్రే మందలో కలపకండి. బహుమతి వచ్చినా సరే. కనీసం ముప్పై అడుగుల దూరంలో, గాలి మంద వైపు వీయని చోట, 21 రోజులు విడిగా ఉంచాలి. దానికి వేరే గిన్నె, వేరే చెప్పులు. పొద్దున ముందు మందకు మేత వేసి, ఆ తర్వాతే దీని దగ్గరికి వెళ్లండి, ఇటు నుంచి అటు మళ్లీ వెళ్లొద్దు. తెచ్చిన అట్టపెట్టె, ఊక కాల్చేయండి. బోను వాడి ఉంటే ముందు సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచింగ్ నీళ్లు. మురికి మీద బ్లీచింగ్ పోస్తే పనిచేయదు. పేను కోసం ఏడో రోజున ఒకసారి, పదిహేనో రోజున ఒకసారి తోక కింద ఊది చూడండి. ఇరవై రెండో రోజు పొద్దున రెట్ట గట్టిగా ఉండి, మేత ఎప్పటిలా తింటుంటే అప్పుడు మందలోకి వదలండి. అది కూడా సాయంత్రం, వాలుకర్ర ఎక్కే వేళకు. చీకట్లో కలిపితే కొట్లాట తక్కువ.

ఇంకేవైనా ప్రశ్నలుంటే బోనుల దగ్గర మాట్లాడుకుందాం. పక్షి చేతిలో ఉంటే చెప్పడం తేలిక.